గాలి వీచేటప్పుడు గురి

ఆషాఢ మాసం ప్రవేశించిన తరువాత సికిందరాబాదు కంటోన్మెంటులో గాలి ఏ తీరుగా వీస్తుందో కార్ఖానా, పికెట్, తిరుమలగిరి ప్రాంతాలలో నివసించేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మిద్దెమీద ఆరవేసిన బట్టలు ప్రక్కింటి పెరటిలో తేలుతాయి. వాకిట చదువుతున్న పత్రికను రెండు చేతులతో పట్టుకొంటే గాని అక్షరాలు నిలువవు. ఇటువంటి గాలిలో ఒక వ్యక్తి ఒంటిచేతితో పిస్తోలును చాచి పట్టుకొని, 50 మీటర్ల దూరాన ఉన్న కాగితం మీద, కాఫీ గ్లాసు అడుగుభాగమంత వలయంలో గుండు పడేటట్లు కొట్టవలెనంటే అది ఎట్లు సాధ్యం?

ఈ ప్రశ్న అడిగితే చాలమంది చెప్పే సమాధానం ఒకటే. గాలి గుండును ప్రక్కకు నెట్టివేస్తుంది గనుక, ఆ నెట్టినంత మేర గురిని ఎదురుదిశకు జరిపి కొట్టవలెను అంటారు. ఇది అబద్ధం కాదు గాని సగం నిజం మాత్రమే. తుపాకి విషయంలో, దూరం హెచ్చినకొలదీ, ఈ సమాధానానికి బలం హెచ్చుతుంది. పిస్తోలు విషయంలో మాత్రం గాలి మొదట కదిలించేది గుండును కాదు, దానిని పట్టుకొన్న మనిషిని. ఈ తేడాను గ్రహించక, పొరపాటు ఎక్కడ ఉన్నదో అక్కడ వెదకక, ఏండ్ల తరబడి సైటు మరలను త్రిప్పుకొంటూ కాలం గడిపే సాధకులు కలరు. ఈ తేడా ఎంతటిదో, దానిని బట్టి సాధన ఎట్లు సాగవలెనో ఈ ప్రసంగంలో పరిశీలింతము.

కార్ఖానా అనగా పనిశాల. సికిందరాబాదుకు ఆ పేరు 1806వ సంవత్సరంలో నిజాం సికందర్ జా పేరుమీదుగా వచ్చింది. ఆనాటి నుండి ఇది దండు విడిసిన చోటు. దండు ఉన్నచోట గురిసాధన ఉండడం సహజం. సైనికుల వృత్తిగా ఉన్న ఆ విద్య నేడు ఇంటింటి పిల్లలు సాధించదగిన క్రీడగా కూడ వర్ధిల్లుతున్నది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీలలో, 13 ఏండ్ల వయసులోనే, 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు విభాగంలో విజేతగా నిలిచినది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టుకు బంగారు పతకం, వ్యక్తిగతంగా రజత పతకం సాధించినది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నది. ఈ క్రీడలో మన సైనికుల పేర్లును తక్కువైనవి కావు. 2012లో లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో రజతం సాధించిన విజయ్ కుమార్, 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో 50 మీటర్ల పిస్తోలులో బంగారు పతకం పొందిన జీతూ రాయ్ ఇద్దరును మన సైన్యానికి చెందినవారే.

ఈ పేర్ల వెంట వచ్చిన దూరాలను ఒకమారు వేరుచేసి చూతము. 10 మీటర్ల పోటీ నాలుగు గోడల మధ్య జరుగుతుంది. అక్కడ గాలి ప్రసక్తి లేదు. 25 మీటర్లు, 50 మీటర్ల రేంజిలలో సాధారణంగా నిలుచుండే చోట కప్పు ఉంటుంది గాని, గుండు ప్రయాణించే మైదానం ఆకాశానికి తెరచి ఉంటుంది. పిస్తోలుకు 50 మీటర్లే చాల దూరం. ఈ పోటీ 2016 నాటి రియో వరకు ఒలింపిక్ క్రీడలలో ఉండేది. తరువాత దానిని అక్కడ తొలగించినను, ప్రపంచ పోటీలలో నేటికిని జరుగుతున్నది. ఇంతకన్న దూరం కావలసినవారికి మెక్సికో దేశంలో పుట్టిన మరొక ఆట ఉన్నది. అందులో ఇనుప రేకుతో కోసిన కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు బొమ్మలను వరుసగా 50, 100, 150, 200 మీటర్ల దూరాలలో నిలిపి పిస్తోలుతో పడగొట్టవలెను.

50 మీటర్ల పోటీలో లక్ష్యంగా ఉంచే కాగితం స్వరూపం తెలిసికొంటే తక్కిన విషయం సులభంగా బోధపడుతుంది. దాని నడుమ పది మార్కుల వలయం 50 మిల్లీమీటర్ల వ్యాసం గలది. దాని చుట్టు ఒక్కొక్క వలయం 25 మిల్లీమీటర్ల వెడల్పున విస్తరించి ఉంటుంది. కంటికి కనిపించే నల్లని బిల్ల మొత్తం వ్యాసం 200 మిల్లీమీటర్లు. అనగా గుండు ఒక అంగుళం ప్రక్కకు జరిగినదంటే ఒక మార్కు పోయినదని లెక్క. ఇందులో వాడేది చిన్నపాటి 0.22 అంగుళాల తూటా. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులకు తుపాకి ద్వారా ఈ తూటా పరిచితమే.

ఇప్పుడు గాలి గుండును ఏమి చేస్తుందో చూతము. ఏటికి అడ్డంగా పడవ నడిపితే, దాటడానికి పట్టినంతసేపు ప్రవాహం దానిని క్రిందికి కొట్టుకొనిపోతుంది. గుండు సంగతియు అంతే అని అనుకొంటే లెక్క ఏమగును? సెకనుకు 300 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 50 మీటర్లు పోవడానికి సెకనులో సుమారు ఆరవ వంతు కాలం పడుతుంది. ప్రక్కనుండి సెకనుకు 4 మీటర్ల వేగంతో గాలి వీస్తున్నదనుకొందము. పడవ లెక్క ప్రకారం గుండు 65 సెంటీమీటర్లకు పైగా ప్రక్కకు కొట్టుకొనిపోవలెను. అప్పుడది కాగితం మీదనే పడదు. కాని ప్రత్యక్షంలో అట్లు జరుగదు. అది జరిగేది రెండు సెంటీమీటర్లు మాత్రమే.

దీనికి కారణం ఉన్నది. గుండు తన చుట్టు తాను బొంగరం వలె తిరుగుతూ పోతుంది. గాలి ప్రక్కనుండి తగిలినప్పుడు అది దిక్సూచి కోడివలె తన ముక్కును గాలి వచ్చే వైపునకు కొద్దిగా త్రిప్పుకొంటుంది. అందుచేత గాలి దానిని ప్రక్కనుండి మోదదు, ముక్కుమీదుగానే అడ్డగిస్తుంది. అయితే ముక్కు కొంచెం ప్రక్కకు తిరిగి ఉన్నందున, ఆ అడ్డగింపు నేరుగా వెనుకకు కాక, కొంచెం ఏటవాలుగా లాగుతుంది. గుండు ప్రక్కకు తొలగడానికి మూలం ఈ ఏటవాలు లాగుడే. కాబట్టి గుండు ఎంతసేపు గాలిలో ఉన్నది అన్నది ముఖ్యం కాదు. గాలి అడ్డగింపు వలన అది ఎంత ఆలస్యమైనది అన్నదే ముఖ్యం. శూన్యంలో పోయి ఉంటే పట్టే కాలానికి, గాలిలో వాస్తవంగా పట్టిన కాలానికి గల భేదాన్ని గాలివేగంతో గుణిస్తే గుండు తొలగిన దూరం వస్తుంది. మన ఉదాహరణలో ఆ ఆలస్యం సెకనులో వెయ్యింట ఐదు వంతులు మాత్రమే. దానిని 4 మీటర్లతో గుణిస్తే 2 సెంటీమీటర్లు.

ఈ సూత్రం నుండి సాధకునికి పనికివచ్చే విషయాలు మూడు తేలుతున్నవి. మొదటిది, దూరం రెట్టింపైతే తొలగింపు రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు అవుతుంది. 50 మీటర్లలో 2 సెంటీమీటర్లు తొలగిన గుండు అదే గాలిలో 100 మీటర్లకు 8 సెంటీమీటర్లు తొలగుతుంది. ఇనుప పొట్టేలును 200 మీటర్ల దూరాన కొట్టేవాడు గాలిని లెక్కింపక తప్పనిది ఇందుకే. రెండవది, వేగం గల తూటా వాడితే గాలి బాధ తగ్గుతుందనే అభిప్రాయం ఈ చిన్న తూటా విషయంలో తలక్రిందవుతుంది. శబ్దవేగాన్ని మించి బయలుదేరిన గుండు ఆ వేగం దగ్గరకు దిగివచ్చేటప్పుడు విశేషమైన అడ్డగింపునకు లోనవుతుంది. అందువలన అది హెచ్చుగా ఆలస్యమై, నెమ్మదిగా పోయే గుండుకన్న ఎక్కువ తొలగుతుంది. గురిపోటీలకు శబ్దవేగానికి తక్కువైన తూటాలనే ఎన్నుకొనడానికి ఇది ఒక ముఖ్యకారణం. మూడవది, నిలుచున్న చోటికి దగ్గర వీచే గాలికి లక్ష్యం దగ్గర వీచే గాలికన్న ప్రభావం హెచ్చు. ప్రయాణం ఆరంభంలో దారి తప్పినవాడు గమ్యం చేరేసరికి ఎంత దూరమౌతాడో, చివరి అడుగులో తప్పినవాడు అంత దూరం కాడు గదా.

ఎదురుగాలి, వెనుకగాలి 50 మీటర్లలో గుండును చెప్పుకోదగినంతగా మార్చవు. ప్రక్కగాలి మాత్రం ప్రక్కకే గాక కొద్దిగా పైకి గాని క్రిందికి గాని కూడ జరుపుతుంది. కుడిచేతి వైపునకు చుట్లు తిరిగే గొట్టం నుండి వచ్చిన గుండు, కుడినుండి గాలి వీచినప్పుడు ఎడమకును కొంచెం పైకిని, ఎడమనుండి వీచినప్పుడు కుడికిని కొంచెం క్రిందికిని పోతుంది. కాగితం మీద రంధ్రాలు ఏటవాలు బారుగా పడుతున్నవంటే, ముందుగా గాలిని అనుమానింపవచ్చును.

ఇంతవరకు గుండు సంగతి. ఇక మనిషి సంగతి చూతము. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అర చదరపు మీటరు వైశాల్యమున్న శరీరభాగం గాలికి ఎదురుగా ఉన్నదనుకొంటే, సెకనుకు 4 మీటర్ల గాలి దానిని సుమారు అరకిలో బరువుతో నెట్టుతుంది. 8 మీటర్ల గాలి రెండు కిలోల బరువుతో నెట్టుతుంది. గాలి ఒకే తీరుగా నెట్టుతూ ఉంటే దేహం దానికి ఒదిగి నిలువగలదు. కాని గాలి ఎన్నడు ఒకే తీరుగా వీస్తుంది? ఒక విసురు వచ్చి తగ్గేలోపల దేహం ముందుకు ఒకమారు, వెనుకకు ఒకమారు ఊగుతుంది. చాచిన చేయి అందులో కొన. కొన మీద ఒక కిలోకు పైగా బరువున్న పిస్తోలు ఉన్నది.

ఈ ఊపు ఎంత హాని చేస్తుందో తెలియడానికి మరొక చిన్న లెక్క కావలెను. పిస్తోలు మీద ముందు సైటు ఒకటి, వెనుక సైటు ఒకటి ఉంటవి. వెనుక సైటులోని గాడి నడుమ ముందు సైటును సమంగా నిలిపి చూడడమే గురి. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 22 సెంటీమీటర్లు. ముందు సైటు గాడి నడిమినుండి ఒక మిల్లీమీటరులో పదవ వంతు ప్రక్కకు జరిగినదనుకొందము. అది సుమారు ఒక మందపు కాగితం దళసరి. ఆ చిన్న తప్పు 50 మీటర్ల దూరం వెళ్లేసరికి 23 మిల్లీమీటర్ల తప్పుగా పెరుగుతుంది. సెకనుకు 4 మీటర్ల గాలి గుండును ఎంత తొలగిస్తుందో, ఈ కాగితమంత మందపు తప్పు అంతకన్న కొంచెం ఎక్కువే తొలగిస్తున్నది. ఒక పూర్తి మిల్లీమీటరు తప్పితే గుండు నల్లబిల్ల దాటి తెల్లకాగితం మీద పడుతుంది.

ఆ విసురులో చేయి ఎంత ఊగినదో తలచుకొంటే, మిల్లీమీటరులో పదవ వంతు తప్పు రావడం వింత కాదు, రాకపోవడమే వింత. కాబట్టి పిస్తోలు గురిలో గాలి అపహరించిన మార్కులను లెక్కిస్తే, అందులో గుండును నెట్టి అపహరించినవి కొన్ని, చేతిని నెట్టి అపహరించినవి అనేకం. సైటు మరను ఒక మెట్టు త్రిప్పడం మొదటి నష్టానికి మందు. రెండవదానికి అది మందు కాదు. ఇంకను, చేయి ఊగి ఎడమకు పోయిన గుండును చూచి గాలి నెట్టినదని భ్రమించి సైటును కుడికి త్రిప్పితే, తరువాతి మంచి గుండు కూడ చెడుతుంది.

అయితే ఇందులో ఒక ఊరట కలదు. సైటులు రెండును తమలో తాము సమంగా ఉండి, చేయి మొత్తంగా ఒక సెంటీమీటరు ప్రక్కకు జరిగితే, గుండు కూడ ఒక సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది. పదవ మార్కు వలయంలో అది ఇముడుతుంది. కాబట్టి గాలిలో కాగితం మీది నల్లబిల్ల ముందు సైటుపై అటునిటు తారాడుతూ ఉంటే భయపడనక్కరలేదు. ఆ తారాటను ఆపవలెనని మణికట్టును బిగించి, నల్లబిల్ల సరిగా వచ్చిన క్షణాన ట్రిగ్గరును తటాలున లాగడమే అసలు ప్రమాదం. చూపు ముందు సైటు మీద నిలిపి, గాడిలో దాని రెండు ప్రక్కల వెలుతురు సమంగా ఉన్నదా అని మాత్రమే చూచుకొంటూ, వేలిని నిదానంగా వెనుకకు తీయవలెను. తారాటను అంగీకరించడం, సైటుల సమత్వాన్ని వదలకపోవడం ఇందులో మొదటి పాఠం.

రెండవ పాఠం గాలిని చదవడం. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నావికాధికారి గాలి బలాన్ని కంటితో కొలిచే పట్టిక ఒకటి ఏర్పరచినాడు. తరువాతివారు దానిని నేలమీది గుర్తులకు అనువుగా మార్చినారు. ముఖానికి గాలి తెలిసి, ఆకులు గలగలలాడితే గాలి సెకనుకు 2, 3 మీటర్లు. ఆకులును చిన్న రెమ్మలును ఎడతెగక కదులుతూ, తేలికైన జెండా విచ్చుకొంటే 4, 5 మీటర్లు. దుమ్మును చిత్తుకాగితాలును లేచి, చిన్న కొమ్మలు ఊగితే 6, 7 మీటర్లు. కార్ఖానా వీధులలోని వేపచెట్టు, రావిచెట్టు ఈ పట్టికను ప్రతిదినం ఉచితంగా బోధిస్తున్నవి. 50 మీటర్ల రేంజిలో నిలుచున్న చోటినుండి 10 మీటర్లకు ఒకటి, 30 మీటర్లకు ఒకటి చిన్న గుడ్డజెండాలు కట్టుతారు. ఆ రెండును ఎల్లప్పుడు ఒకే మాట చెప్పవు. కట్టడం మూల మీదనో, మట్టికట్ట మీదనో తగిలిన గాలి సుడి తిరిగి, దగ్గరి జెండా కుడికి, దూరపు జెండా ఎడమకు ఎగురుతున్న సందర్భాలు అనేకం. అప్పుడు దగ్గరి జెండా మాటకే ఎక్కువ విలువ ఇయ్యవలెను.

మన దక్కను పీఠభూమి మీద గాలికి ఒక దినచర్య, ఒక వత్సరచర్య కలవు. జూన్ నుండి ఆగస్టు వరకు నైరృతి ఋతుపవనం వలన పడమటి దిక్కునుండి గాలి బలంగా వీస్తుంది. శీతకాలపు తెల్లవారుజాములు నిశ్చలంగా ఉంటవి. దినంలో సైతం ఉదయం నెమ్మదిగా ఉన్న గాలి, ఎండ ఎక్కి నేల కాగినకొలదీ విసురులు విసురులుగా లేస్తుంది. అందుచేత సాధకులు చాలమంది శీతకాలపు ఉదయాలనే సాధనకు ఎన్నుకొంటారు. క్రొత్తగా నేర్చుకొనేవారికి అది ఉచితమే. కాని పోటీ తేదీని నిర్ణయించేవారు గాలిని అడిగి నిర్ణయింపరు. ఏడాది పొడవునా నిశ్చలమైన గాలిలోనే సాధించినవాడు, పోటీనాడు జెండాలు నిటారుగా లేచేసరికి, తన చేయి తనది కాదేమో అనుకొంటాడు. చేసిన సంవత్సరపు శ్రమ, తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు ఒక్క పూటలో నిష్ఫలమైనట్లు తోస్తుంది. ఇది నివారింపదగిన దుఃఖం. వారంలో ఒక పూటనైనను గాలి ఉన్న వేళకే రేంజికి పోవడం దీనికి ఉపాయం.

మూడవ పాఠం కాచుకొనడం. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు చేట పైకెత్తి గాలి కొరకు కాచుకొని నిలుచుంటాడు. గాలి వచ్చినప్పుడు వంచుతాడు, తగ్గినప్పుడు ఆపుతాడు. పిస్తోలు సాధకుడు గాలి తగ్గే వేళ కొరకు కాచుకొంటాడు. పని తలక్రిందైనది గాని ఓపిక ఒకటే. దీనికి వ్యవధి ఉన్నదా అంటే పుష్కలంగా ఉన్నది. 50 మీటర్ల పోటీలో 60 గుండ్లకు 90 నిమిషాల వ్యవధి ఇస్తారు. అనగా గుండు ఒకటికి నిమిషంన్నర. చేయి ఎత్తి, గురి నిలిపి, కొట్టి, దించడానికి 15 సెకన్లు చాలును. తక్కిన నిమిషానికి పైబడిన కాలం ఊపిరి పీల్చడానికి, జెండాలను చూడడానికి ఉన్నది. గాలి విసురులకు ఒక లయ ఉంటుంది. రెండు మూడు విసురులను ఊరక గమనించినవానికి, తరువాతి తెరిపి ఎప్పుడు వచ్చునో కొంతవరకు తోస్తుంది.

చేయి ఎత్తిన తరువాత విసురు వస్తే ఏమి చేయవలెను? దించివేయవలెను. ఇది చెప్పడానికి సులభం, చేయడానికి కష్టం. ఎత్తిన చేయి కొట్టక దించడం ఓటమి వలె తోస్తుంది. పది సెకన్లు దాటిన తరువాత కంటికి అలసట, కండరానికి వణుకు వస్తవి. ఆపైన గాలి తగ్గినను ఆ గుండు మంచి గుండు కాదు. అందుచేత సాధనలోనే ఒక నియమం పెట్టుకొనవలెను. పది సెకన్లలో వేలు తన పని ముగింపకపోతే పిస్తోలును బల్లమీదికి దించి, రెండు శ్వాసలు తీసి, తిరిగి మొదలుపెట్టవలెను. ఒక పూట సాధనలో ఎన్నిమారులు దించినామో లెక్క వ్రాసికొంటే, కొట్టిన గుండ్ల లెక్కకన్న అది ఎక్కువ నేర్పుతుంది.

కాచుకొనడానికి వీలులేని పోటీలును కలవు. 25 మీటర్ల పిస్తోలులో రెండవ భాగం అట్టిది. ఏడు సెకన్ల విరామం తరువాత మూడు సెకన్లు మాత్రమే అవకాశం దొరుకుతుంది. ఆ మూడు సెకన్లలో చేయి లేవవలెను, గుండు పోవలెను. అక్కడ గాలిని ఎన్నుకొనే హక్కు లేదు. కాబట్టి నిలుకడే శరణ్యం. పాదాలను సుమారు భుజాల వెడల్పున ఎడంగా పెట్టి, బరువును రెండు పాదాలకు సమంగా పంచి, నడుమును గాలికి కొద్దిగా ఒరగనిచ్చి నిలువవలెను. గాలికి రెపరెపలాడే వదులు చొక్కా తొడగరాదు. తలకు టోపీ అంచు పెద్దదైతే అదియు తెరచాప వలె మెడను లాగుతుంది.

నాలుగవ పాఠం నిజాయితీకి సంబంధించినది. గుండు పేలిన వెంటనే, కాగితం చూడకముందే, అది ఎక్కడ పడినదో సాధకుడు తనలో తాను చెప్పుకొనవలెను. పేలిన క్షణాన ముందు సైటు ఎక్కడ ఉన్నదో కంటికి తెలుసును గనుక ఇది సాధ్యమే. తరువాత దుర్బిణిలో చూచి, చెప్పినచోటును పడినచోటును పుస్తకంలో వ్రాయవలెను. ప్రక్కనే జెండాల తీరు కూడ గుర్తించవలెను. చెప్పినచోటనే పడితే, అది పదియైనను ఆరైనను, చేతి పనియే. చెప్పినచోటికి ఒకే వైపునకు, ఒకే మేర తప్పుతూ అయిదారు గుండ్లు పడితే అది గాలి పని. అప్పుడే సైటు మర త్రిప్పవలెను. ఒక్క గుండును చూచి త్రిప్పరాదు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమన్నట్లు, చేతి తప్పున పోయిన గుండునంతా గాలి ఖాతాలో వ్రాసేవాడికి ఈ పుస్తకం నెల దినాలలో నిజం చెప్పివేస్తుంది.

తప్పిన గుండు తరువాతి గుండును చెరుపకుండ చూచుకొనడం కూడ ఈ విద్యలో భాగమే. 2016లో రియోలో దక్షిణ కొరియాకు చెందిన జిన్ జోంగ్‌ఓ 50 మీటర్ల అంతిమ పోటీ నడుమ ఒక గుండుకు 6.6 మాత్రమే పొందినాడు. ఆ స్థాయిలో అది దాదాపు పతనమే. ఆయన మరల నిలద్రొక్కుకొని బంగారు పతకం సాధించినాడు. 2008, 2012 తరువాత ఆ పోటీలో అది ఆయనకు వరుసగా మూడవ స్వర్ణం.

ఇక కార్ఖానా వంటి పేటలో ఉన్నవారికి సాధన ఎక్కడ అనే ప్రశ్న. తూటాతో పేల్చే పిస్తోలును కలిగి ఉండడానికి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు కావలెను. పేల్చడం అనుమతి గల రేంజిలో, శిక్షకుని సమక్షంలో మాత్రమే జరుగవలెను. గచ్చిబౌలి వైపు హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అట్టి రేంజి ఉన్నది. మిద్దెమీదనో ఖాళీ స్థలంలోనో, చిన్న ఎయిర్ పిస్తోలుతో సైతం, ప్రయత్నింపరాదు. గాలి వీచే రేంజిలో మరొక జాగ్రత్త కావలెను. చెవులకు రక్షణ తొడిగి ఉన్నందునను, గాలి హోరువలనను అధికారి ఆజ్ఞ సరిగా వినిపింపకపోవచ్చును. వినిపించలేదని తోచినప్పుడు పిస్తోలును ఖాళీచేసి, గొట్టం లక్ష్యం వైపునకే ఉంచి, బల్లమీద పెట్టి వేచి ఉండవలెను. కాగితం గాలికి చిరిగి ఎగిరినను, పేల్చడం పూర్తిగా ఆగినదని అధికారి ప్రకటించువరకు గీత దాటరాదు.

రేంజికి పోని దినాలలో ఇంటిలో చేయదగిన సాధన కలదు. పిస్తోలు ఖాళీగా ఉన్నదని రెండుమారులు పరీక్షించి, తూటాలను వేరొక గదిలో తాళం వేసి, ఎదుట గట్టి గోడ ఉండగా, ఒక తెల్లకాగితం మీద గురి నిలిపి ట్రిగ్గరు మాత్రం తీయడం అలవరచుకొనవచ్చును. ఇందుకు తోడు ఒక టేబుల్ ఫ్యానును ప్రక్కన పెట్టి, అది అటునిటు తిరుగుతూ ఉండగా సాధన చేస్తే, విసురు వచ్చినప్పుడు దించడం, తెరిపిలో ఎత్తడం అనే అలవాటు చేతికి పట్టుబడుతుంది. ఫ్యాను గాలి మైదానపు గాలితో సమానం కాదు. అయినను వేలికి ఓపిక నేర్పడానికి అది చాలును. రోజుకు ఇరువది నిమిషాలు, వారానికి అయిదు దినాలు చేస్తే, తరువాతి ఆషాఢం వచ్చేనాటికి తన పుస్తకంలో ఫలితం సాధకునికే కనిపిస్తుంది.